పదేళ్ళ పిల్లాడికి కష్టం విలువ కుండీల్లో తెలుస్తుందా?

కడుగోడి_అమ్మ · జూన్ 14, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. రెండేళ్ళుగా ఇక్కడ చదవడమే తప్ప రాయడం ఇదే మొదటిసారి.

మాది బెంగళూరు, వైట్‌ఫీల్డ్ దాటాక కడుగోడిలో అపార్ట్‌మెంట్. బాబుకు పదేళ్ళు, పాపకు ఆరు. మొన్న ఆదివారం చారు పెడుతూ కొత్తిమీర లేదనుకున్నాను. మావాడు ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టి "ఆర్డర్ పెట్టమ్మా, పోపు వేసేలోపు వస్తుంది" అన్నాడు. నిజంగానే తొమ్మిది నిమిషాల్లో వచ్చింది. తెచ్చిన అబ్బాయి వానకు నిలువునా తడిసిపోయాడు. మావాడు కవరు విప్పి, ఆ అబ్బాయి ముందే "ఇది వాడిపోయింది, రీఫండ్ అడుగు" అన్నాడు.

వాడి మీద కోపం రాలేదు, నా మీద సిగ్గేసింది. మా మామగారు తెనాలి దగ్గర ఇప్పటికీ మూడెకరాలు చేస్తారు. వరి, ఆ తర్వాత మినుములు. ఆయన మనవడికి కొత్తిమీర అంటే ఒక బటన్.

మా అసోసియేషన్‌ను బతిమాలితే మిద్దె మీద ఒక మూల పన్నెండు కుండీల వరకు ఒప్పుకున్నారు. వారాంతాల్లో పిల్లలతో కలిసి కూరగాయలు పెంచుదామని ఆలోచన. ఏం వేయాలి, పిల్లలతో ఎంత పని చేయించాలి? మావారేమో పనికి ఇరవై రూపాయల చొప్పున ఇద్దాం, అప్పుడైనా కదులుతాడు అంటున్నారు. నాకు అది నచ్చలేదు, కానీ ఎందుకు నచ్చలేదో చెప్పలేకపోతున్నాను.

కోడ్_కూలీ · జూన్ 14, రాత్రి 11:05

స్వాగతం అండీ. మా అనుభవం క్లుప్తంగా: 2021లో లాక్‌డౌన్ ఊపులో స్టాండు, కిట్లు, గులాబీ రంగు చిన్న పార, పిల్లల గ్లవ్స్ అన్నీ కలిపి పదకొండు వేలు. దిగుబడి మూడు టమాటాలు. అందులో ఒకటి ఉడుత తిన్నది. ఆ స్టాండు మీద ఇప్పుడు బట్టలు ఆరేస్తున్నాం. బాగా ఆరుతున్నాయి.

మిద్దెతోట_మామ · జూన్ 15, ఉదయం 6:10

అమ్మా, పన్నెండు కుండీలు వద్దు. నాలుగుతో మొదలుపెట్టు. ఎనిమిదేళ్ళుగా యలహంకలో మిద్దెతోట చేస్తున్నాను. జూన్‌లో పాతిక కుండీలు కొని దసరాకు ఖాళీ బస్తాలు నాకిచ్చి వెళ్ళినవాళ్ళను లెక్కపెట్టడం మానేశాను.

పిల్లలతో టమాటా మొదలుపెట్టకు. అందరూ చేసే తప్పు అదే. నారు పోయాలి, పాతిక రోజులకు మార్చి నాటాలి, కట్టె పాతి దారం కట్టాలి, ఆపై ఇంకో రెండు నెలలు ఆగాలి. నీళ్ళు ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ పోస్తే కాయ అడుగు నల్లబడి కుళ్ళుతుంది. పిల్లాడికి అంత ఓపిక ముందే ఉంటే నువ్వు ఈ పోస్ట్ రాసేదానివే కాదు.

ఒక కుండీలో తోటకూర వెయ్యి. మూడు నాలుగు రోజుల్లో మొలుస్తుంది, నెల తిరక్కుండానే కోతకొస్తుంది. ఇంకోదాంట్లో మెంతులు, పోపుల డబ్బాలోవే చాలు. మిగతా రెండింట్లో బెండ. గింజలు రాత్రి నానబెట్టి పొద్దున్న పెడితే ఐదారు రోజుల్లో మొలక, నలభై రోజులు దాటాక పూత, యాభై రోజుల లోపు మొదటి కాయ. పూసిన ఐదారు రోజులకే కోసెయ్యాలి. రెండు రోజులు బద్ధకిస్తే కాయ ముదిరి పీచుకడుతుంది. బెండను మించిన గడియారం లేదు, పిల్లలకు అది బాగా తెలిసొస్తుంది.

విత్తనం హెసరఘట్టలోని ఐఐహెచ్‌ఆర్ వాళ్ళది తీసుకో. అది భారత ఉద్యాన పరిశోధన సంస్థ, 1967లో పెట్టారు. బెండలో వాళ్ళ అర్క అనామిక పల్లాకు తెగులును తట్టుకోవడానికే తీసిన రకం. ఆ తెగులును మోసుకొచ్చేది తెల్లదోమ. పిల్లాడికి ఆకు తిరగేసి చూడటం నేర్పు. కుండీలు, మట్టి కావాలంటే లాల్‌బాగ్ దగ్గర సిద్ధాపుర నర్సరీలకు వెళ్ళు, బేరం వాడితో ఆడించు.

మట్టి ఒక పాలు, నానబెట్టి కడిగిన కొబ్బరిపొట్టు ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువో వర్మీకంపోస్టో ఒక పాలు, గుప్పెడు వేపపిండి. అడుగున రంధ్రాలు తప్పకుండా ఉండాలి. నీళ్ళు తక్కువై చచ్చిన మొక్కల కంటే ప్రేమ ఎక్కువై చచ్చిన మొక్కలే నేను ఎక్కువ చూశాను. వేలు రెండు కణుపుల దాకా దించి చూసి, తడి తగలకపోతేనే పోయమను.

డబ్బుల సంగతి నాకు తెలియదు. మా నాన్న నాకివ్వలేదు, నేను మా అబ్బాయికివ్వలేదు, మా అబ్బాయి ఇప్పుడు తోట వైపు రాడు. కాబట్టి నన్ను అడగొద్దు.

మదనపల్లె_బిడ్డ · జూన్ 15, మధ్యాహ్నం 1:20

ఎవరినీ నొప్పించాలని కాదు గానీ, ఇలాంటి పోస్టులు చూసినప్పుడల్లా నాకు కడుపులో ఏదో తిప్పినట్టుంటుంది. మా నాన్న టమాటా రైతు. కట్టెలు పాతడం, దారాలు కట్టడం, తెల్లవారుజామున కాయ కోసి బాక్సులకెత్తడం నేను ఆరో తరగతి నుంచి చేశాను. నేర్చుకోవాలని కాదు, కూలీలు దొరక్క. 2023 జూలైలో కిలో వంద దాటినప్పుడు టీవీల్లో చూపించారు. కిలో రెండు రూపాయలకు పడిపోయి కాయను రోడ్డు పక్కన పారబోసి వచ్చిన రోజుల్లో ఏ కెమెరా రాలేదు. "నువ్వు మాత్రం ఈ మట్టిలోకి రావద్దురా" అని మా నాన్న చదివించాడు. వచ్చి మారతహళ్ళి పీజీలో పడ్డాను, ఉద్యోగం దొరికింది.

ఇప్పుడు మనం ఆ మట్టినే బస్తాల్లో కొనుక్కొచ్చి, లిఫ్టులో పైకి తీసుకెళ్ళి, పిల్లలకు "కష్టం విలువ" అని చూపిస్తున్నాం. పంట పోతే అన్నం ఆగదు, ఫీజు ఆగదు, యాప్‌లో ఆర్డర్ పెడతాం. పోయేదేమీ లేని చోట కష్టం ఎక్కడుంటుందండీ? అది హాబీ. హాబీ మంచిదే, కానీ హాబీ అనే పిలవండి.

కడుగోడి_అమ్మ · జూన్ 15, రాత్రి 9:48

మిద్దెతోట మామగారూ, చాలా థాంక్స్. నాలుగే వేస్తాం.

మదనపల్లె తమ్ముడూ, నువ్వు చెప్పింది రెండుసార్లు చదివాను. మా మామగారు కూడా ఫోన్లో ఇదే మాట ఇంకోలా అన్నారు: "వాణ్ణి సెలవులకు ఇక్కడికి పంపమంటే ఎండ అంటావు, అక్కడ ఎండలో కుండీలకు నీళ్ళు పోయిస్తానంటావు." నా దగ్గర జవాబు లేదు. అయినా మొదలుపెడతాను.

రిటైర్డ్_మాస్టారు · జూన్ 16, ఉదయం 7:35

నేను అనంతపురం జిల్లాలో ముప్ఫై మూడేళ్ళు బడి పంతులుగా చేసి, ఇప్పుడు బొమ్మనహళ్ళిలో కొడుకు దగ్గర ఉంటున్నాను. చదువులో చేతిపని ఉండాలన్నది కొత్త మాట కాదు. గాంధీగారు 1937లో వార్ధా సభలో నయీ తాలీం ప్రతిపాదించారు. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ ఎస్‌యూపీడబ్ల్యూ తెచ్చింది, అంటే సమాజానికి ఉపయోగపడే ఉత్పాదక పని. పిల్లలు దాన్ని "సమ్ యూజ్‌ఫుల్ పీరియడ్స్ వేస్టెడ్" అని చదివేవాళ్ళు. నిజం చెప్పాలంటే చాలా బడుల్లో జరిగింది అదే.

ఎందుకలా జరిగిందంటే, నేను నా సొంత తప్పు చెబుతాను. మా బడిలో కానుగ చెట్లు, వంకాయ మడి ఉండేవి. ప్రార్థనకు ఆలస్యంగా వచ్చినవాళ్ళకు శిక్ష, ఐదు బిందెలు నీళ్ళు మోయడం. హోంవర్క్ చేయకపోతే కలుపు తీయడం. బాగా చదివేవాళ్ళు నీడలో కూర్చుని చదువుకునేవాళ్ళు. ఏళ్ళ తరబడి ఇలా చేశాక ఒకరోజు క్లాసులో శ్రమకు గౌరవం అని పాఠం చెబుతున్నాను. వెనక బెంచీ పిల్లాడు లేచి, "మరి నీళ్ళు మొయ్యడం పనిష్మెంట్ ఎందుకు సార్?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు.

అమ్మా, ఒక్కటి మాత్రం చెయ్యకు. వాడు అల్లరి చేసిన రోజున "వెళ్ళి మొక్కలకు నీళ్ళు పొయ్యి" అనకు.

పెరంబూరు_పిన్ని · జూన్ 16, ఉదయం 11:12

మాది చెన్నై, పెరంబూరు. డబ్బుల విషయంలో మా ఇంటి పద్ధతి చెబుతాను. పనికి పైసా ఇవ్వను. పంటను మాత్రం కొంటాను, మా వీధి బండివాడు ఆరోజు చెప్పే ధరకే. మా అమ్మాయి (అప్పుడు తనకు పదకొండేళ్ళు) ఒక నోటుబుక్ పెట్టింది. తమిళనాడు ఉద్యానశాఖ వాళ్ళు సబ్సిడీ మీద ఇచ్చే మాడితోట్టం (మిద్దెతోట) కిట్టు ఖర్చు, ఎరువు ఖర్చు, వేసవిలో పరిచిన పచ్చ నెట్టు ఖర్చు అన్నీ రాసింది. చెన్నైలో ఏప్రిల్, మే నెలల్లో ఆ నెట్టు లేకపోతే మొక్కలు అప్పడాల్లా వేగిపోతాయి. ఏడాది చివర కూడితే తను పండించిన వంకాయ కిలో 410 రూపాయలు పడింది. బండివాడు నాకు ముప్ఫైకి ఇస్తున్నాడు.

ఆ రోజు సాయంత్రం ఆ నోటుబుక్ పట్టుకుని కిందికి దిగి, "అన్నా, ముప్ఫైకి ఎలా ఇస్తున్నావు? నీకెంత మిగులుతుంది?" అని ఆయన్నే అడిగింది. ఆయన నవ్వి కోయంబేడు హోల్‌సేల్ మార్కెట్ సంగతులన్నీ చెప్పాడు. అరగంట నిలబడి వింది. మదనపల్లె అబ్బాయి చెప్పిన మాట నిజమే, కుండీలో రైతు కష్టం తెలియదు. కానీ ఎవరిని అడగాలో తెలుస్తుంది.

కోడ్_కూలీ · జూన్ 16, ఉదయం 11:40

కిలో 410! నా టమాటాలు మూడు పదకొండు వేలు పిన్నిగారూ. మీరు లాభాల్లో ఉన్నారు.

డబ్బు గురించి ఒక సీరియస్ మాట. 1973లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌కు చెందిన మార్క్ లెప్పర్, ఆయన తోటి పరిశోధకులు నర్సరీ పిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. బొమ్మలు గీయడమంటే ముందే ఇష్టమున్న పిల్లల్ని ఎంచుకుని, కొందరికి "స్కెచ్ పెన్నులతో గీస్తే సర్టిఫికెట్ ఇస్తాం" అని చెప్పారు. కొందరికి గీశాక చెప్పకుండా ఇచ్చారు, కొందరికి అసలు ఇవ్వలేదు. కొన్ని రోజుల తర్వాత చూస్తే, ముందే ఆశ చూపినవాళ్ళు ఆ పెన్నుల దగ్గర గడిపే సమయం తగ్గిపోయింది. చెప్పకుండా ఇచ్చినవాళ్ళలో అలా జరగలేదు. అది ముందే ఇష్టమున్న పిల్లల సంగతి అని మర్చిపోకండి. మా వాడికి మొదటినుంచే ఇష్టం లేదు కాబట్టి నేను ఇరవై ఇచ్చినా పోయిందేమీ లేదు. ఇరవై తప్ప.

పీయూసీ_పిల్ల · జూన్ 17, సాయంత్రం 5:55

నాకు పదిహేడేళ్ళు. ఇక్కడ అందరూ పేరెంట్సే ఉన్నట్టున్నారు, కాబట్టి అవతలి పక్క నుంచి నేను చెబుతాను.

మా నాన్న మా ఇద్దరితో నేను నాలుగో క్లాసులో ఉన్నప్పటి నుంచి తోటపని చేయించాడు. పని కష్టంగా అనిపించలేదు. పనితోపాటు వచ్చే ప్రసంగమే భరించలేకపోయేదాన్ని. నీళ్ళ మగ్గు పట్టుకుంటే చాలు, "చూశావా, అన్నం ఊరికే రాదు" అని మొదలు. ఒక కాయ కాస్తే ఫోటో, స్టేటస్, కింద "మా అమ్మాయి కష్టఫలం". ఆ కాయ నేను పెంచింది కూడా కాదు. మా తమ్ముడైతే కావాలనే ఒక మిరప మొక్కకు మూడు రోజులు సబ్బు నీళ్ళు పోశాడు. ఇప్పటికీ నాన్నకు తెలియదు. (నాన్నా, ఇది చదువుతుంటే సారీ.)

కానీ ఒకటి బాగా గుర్తుంది. ఒక ఏడాది బీరపాదు పెట్టాం. పూలు బోలెడు, పిందెలు పసుపెక్కి రాలిపోయేవి. తేనెటీగలు రావడం లేదేమో, చేత్తో పరాగం అద్దాలని నాన్న ఎక్కడో చదివాడు. బీరపూలు సాయంత్రం చీకటి పడే వేళ విచ్చుకుంటాయి. నాన్నకు ఆఫీసు నుంచి వచ్చేసరికి ఎనిమిది దాటేది. "నువ్వే చెయ్యాలి, నాకు కుదరదు" అన్నాడు. అంతే, ప్రసంగం లేదు. మూడు వారాలు రోజూ టార్చి పట్టుకుని మిద్దె ఎక్కి, మగపువ్వు తుంచి ఆడపువ్వులో అద్దేదాన్ని. పరీక్షల రోజుల్లో కూడా. పందొమ్మిది కాయలు కాశాయి. అందులో రెండు చేదు. ఫోటో ఒక్కటి కూడా లేదు, నాన్నకు టైం లేక.

మదనపల్లె_బిడ్డ · జూన్ 17, రాత్రి 8:30

చెల్లీ, ఇందులో నాకు నచ్చింది "నాకు కుదరదు" అన్నది. మా ఇంట్లోనూ అదే. ఎవరూ నేర్పలేదు, ఎవరికీ కుదిరేది కాదు.

రెక్కాడితే_డొక్కాడదు · జూన్ 18, ఉదయం 9:02

పద్నాలుగేళ్ళలోపు పిల్లలతో పనా? 2016 బాలకార్మిక సవరణ చట్టం ప్రకారం ఇంటి పని బడి అయ్యాకే, సెలవుల్లోనే అని మా వాడు నాకు లా పాయింట్ చెప్పాడు. వీడిని లాయర్ చెయ్యాలి, తోటమాలిని కాదు. పావురాల నుంచి మెంతులు కాపాడే ఉపాయం ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

వర్తూరు_ట్యాంకర్ · జూన్ 18, ఉదయం 10:15

అందరూ మట్టి గురించే చెబుతున్నారు, నీళ్ళ మాట ఎవరూ ఎత్తలేదు. 2024 మార్చి గుర్తుందా? బోర్లు ఎండి, ట్యాంకర్ కోసం వాట్సాప్ గ్రూపుల్లో కొట్టుకున్నాం. తాగునీటిని తోటలకు, కార్లకు వాడితే 5,000 జరిమానా అని జలమండలి ఉత్తర్వు ఇచ్చింది. అప్పుడు మా మిద్దె మీద పదిహేను కుండీలున్నాయి.

మా పెద్దది (అప్పుడు తొమ్మిదేళ్ళు) ఏడ్చింది, మొక్కలు చచ్చిపోతాయని. సరే, ఇంట్లో ఎక్కడ ఏ నీళ్ళు మిగులుతాయో నువ్వే వెతుకు అన్నాం. బియ్యం కడిగిన నీళ్ళు, పప్పు కడిగిన నీళ్ళు, కూరగాయలు కడిగిన నీళ్ళు, ఏసీ నుంచి కారేవి. అన్నిటికీ బకెట్లు పెట్టింది. వాళ్ళ నానమ్మ బియ్యం కడుగుతుంటే పక్కనే కాపలా. ఆర్వో నుంచి వృథాగా పోయే నీళ్ళు కూడా పోసింది. వాటిలో ఉప్పు ఎక్కువని మాకప్పుడు తెలియదు, రెండు కుండీల్లో మట్టి పైన తెల్లగా పేరుకుని ఆకుల అంచులు మాడాయి. అలా నేర్చుకుంది. పదిహేనులో ఆరు బతికాయి. ఏ ఆరింటిని బతికించాలో తనే ఎంచుకుంది, గులాబీ వదిలేసి కరివేపాకు ఉంచింది. ఎందుకంటే "అది రోజూ కావాలి కదా" అంది.

మదనపల్లె బ్రదర్, పోయేదేమీ లేని చోట కష్టం లేదన్నావు. ఆ రెండు నెలలు మా ఇంట్లో పోయేది ఉండింది.

మిద్దెతోట_మామ · జూన్ 18, ఉదయం 10:50

ఆర్వో నీళ్ళు వాడాలంటే మామూలు నీళ్ళు సగం కలపాలి, వర్షాకాలంలోనే వాడాలి. పావురాలకు: మొలకలు నాలుగు అంగుళాలు ఎదిగేదాకా పాత దోమతెర కప్పండి. మెరిసే రిబ్బన్లు రెండు రోజులే పనిచేస్తాయి, మూడో రోజు వాటి మీదే కూర్చుంటాయి.

నిర్వాహకులు · జూన్ 19

పావురాలకు మేత వేయడం పుణ్యమా పాపమా అన్న ఇరవై రెండు వ్యాఖ్యలను వేరే చర్చకు తరలించాం. ఇక్కడ తోట గురించే మాట్లాడుకుందాం.

కడుగోడి_అమ్మ · జూలై 6, రాత్రి 11:30

అప్‌డేట్. బాగాలేదు.

జూన్ 21న మొదలుపెట్టాం. మొదటి వారం పండగే, పొద్దున లేవగానే మిద్దె మీదికి పరుగు. మొలకలొచ్చాయి. రెండో వారం స్కూల్లో ఫుట్‌బాల్ మొదలైంది, అంతే. "పోశావా?" అంటే "పోశాను" అనేవాడు. నేను వెళ్ళి చూస్తే మట్టి పొడి. నాకు ప్రాణం ఒప్పక, వాడు స్కూలుకు వెళ్ళాక నేనే పోయడం మొదలుపెట్టాను. పురుగు పట్టిన ఆకులు నేనే తుంచాను. వాడికి చెప్పలేదు. ఆదివారం వాడు పైకెళ్ళి "చూడు, నా బెండ ఎంత ఎదిగిందో" అని వాళ్ళ నాన్నకు చూపించుకున్నాడు. నాకూ సంతోషంగానే ఉంది, అబద్ధమాడను.

నిన్న మా చిన్నది నోరు జారింది. "అన్నయ్య పోయడు, అమ్మే పోస్తుంది, నాకు చెప్పొద్దంది." మావాడు నా మొహం చూశాడు. నేను అబద్ధాలాడుతున్నాడని వాణ్ణి తిట్టడానికి సిద్ధమవుతున్నాను. వాడు అన్నాడు: "అయితే అవి నీ మొక్కలు కదా. నావి అని ఎందుకు చెప్పావు?"

అప్పటి నుంచి పైకి వెళ్ళడం లేదు. తప్పు వాడిదా నాదా?

కోడ్_కూలీ · జూలై 6, రాత్రి 11:41

అయ్యో. మా ఇంట్లో సైన్స్ ప్రాజెక్టులన్నీ ఇలాగే గెలిచాయి.

రిటైర్డ్_మాస్టారు · జూలై 7, ఉదయం 6:50

ఇద్దరిదీ. కానీ పెద్దదానివి నువ్వు కాబట్టి ముందు నువ్వు చెప్పు. "నీకు తెలియకుండా పోశాను, తప్పే" అని ఒక్క ముక్క. దాని వెనకాలే "కానీ నువ్వు కూడా..." అని తగిలించకు, మొదటి ముక్క కొట్టుకుపోతుంది. ఆ తర్వాత వాడు మళ్ళీ చేస్తానంటే కొత్త కుండీ, కొత్త గింజ. ఎండిపోతే ఎండిపోనీ. నీకది చూడటం కష్టం, తెలుసు. అమ్మలు పరీక్ష హాలు బయట నిలబడతారే, అలా నిలబడు.

మదనపల్లె_బిడ్డ · జూలై 7, ఉదయం 9:25

మాస్టారితో నేను ఏకీభవించలేను. ఎండిపోనీ అనడం తేలిక. మా పొలంలో ఒక చిన్న చెక్క నాది అని నాన్న ఇచ్చాడు, వేరుశనగ వేశాను. రాత్రిపూట కరెంటు వచ్చినప్పుడు మడవ కట్టాలి. నేను నిద్రపోయేవాణ్ణి. నాన్నే వెళ్ళి నా చెక్కకూ నీళ్ళు కట్టి వచ్చేవాడు. చాలా ఏళ్ళ తర్వాత అమ్మ చెప్పింది. దాంతో నేనేమీ పాడైపోలేదు. పొలంలో ఒకరి పని ఇంకొకరు చూసీ చూడనట్టు ఎత్తుకోవడమే సంసారం.

తేడా ఏమిటంటే అక్కా, నాన్న నా వేరుశనగను నాకే చూపించి మెచ్చుకోలేదు. నువ్వు మెచ్చుకున్నావు. వాడికి అక్కడ మండి ఉంటుంది.

పీయూసీ_పిల్ల · జూలై 7, సాయంత్రం 6:15

+1 మదనపల్లె అన్న. నీళ్ళు పోసినందుకు కాదు, వాడి మొక్క అని నటించినందుకు.

పెరంబూరు_పిన్ని · జూలై 7, రాత్రి 9:00

ఆరేళ్ళ పాప సంగతి ఎవరూ అడగరేం? రహస్యం దాచే బరువు దాని మీద పెట్టావు తల్లీ. దానికీ ఒక కుండీ ఇవ్వు.

కడుగోడి_అమ్మ · ఆగస్టు 31, మధ్యాహ్నం 3:10

మీ అందరికీ బాకీ ఉన్నాను, ఇప్పటికి కుదిరింది.

మాస్టారు చెప్పినట్టే ఒక్క ముక్క చెప్పాను. వాడు "ఊఁ" అన్నాడు. మూడు రోజుల తర్వాత వాడే గింజలు నానబెట్టాడు. రెండు బెండ కుండీలు వాడివి, ఒక తోటకూర కుండీ చిన్నదానిది, నాదొకటి గోంగూర. పాత బెండ మొక్కలు మూడూ నావిగా తేల్చారు. ఎవరి కుండీ వాళ్ళది, ఊరెళ్తే నోరు తెరిచి అప్పజెప్పాలి. ఈ షరతు వాడే పెట్టాడు. ఒక కుండీలో రెండు మొక్కలు వాడిపోయి చచ్చాయి. నేను మిద్దె మీదికి వెళ్ళకుండా ఉండటానికి బట్టలు బాల్కనీలో ఆరేసుకున్నాను వారం రోజులు. చిన్నదాని తోటకూర రెండు కోతలయింది, అది రోజుకు మూడుసార్లు పోస్తుంది, కింద రంధ్రాలు పెద్దవి కాబట్టి బతికిపోయింది.

స్వాతంత్ర్య దినోత్సవం పూల ప్రదర్శనకు లాల్‌బాగ్ వెళ్ళాం. గాజుమేడలో జనం పూలబొమ్మతో ఫోటోలు దిగుతుంటే మావాడు బారికేడ్ మీదుగా వంగి ఆకులు తిరగేసి చూస్తున్నాడు, తెల్లదోమ ఉందేమోనని. సెక్యూరిటీ ఆయన కన్నడలో గట్టిగా అరిచాడు. నాకు నవ్వాగలేదు.

మొదటి కోత ఈ బుధవారం, ఏడు కాయలు. నలుగురికి ఏడు బెండకాయలతో ఏ కూరా కాదు. పులుసులో వేశాను. కిందటి వారం రాఖీకి మా పుట్టింటికి వెళ్ళొచ్చేసరికి ముదిరిపోయినవి మూడు. ఊరెళ్ళే ముందు నాకు అప్పజెప్పడం మరిచాడు, నేనూ గుర్తుచేయలేదు. వాటిని తెనాలి తాతయ్యకు వీడియోలో చూపించి ఏం చెయ్యాలని అడిగాడు. ఆయన "ఎండబెట్టి గింజ తియ్యరా, విత్తనానికి" అన్నారు. ఇప్పుడవి కిటికీ దగ్గర ఉన్నాయి. తాతామనవళ్ళు ఇంతసేపు మాట్లాడుకోవడం నేను మొదటిసారి విన్నాను. నా గురించి కూడా ఏదో చెప్పుకున్నారు, నేను వెళ్ళగానే ఆపేశారు.

యాప్ మానేశాడా అంటే, లేదు. నిన్ననే చిప్స్ తెప్పించాడు. తెచ్చినతనికి నీళ్ళిచ్చాడు. అది తోట వల్లో, నేను తిట్టడం వల్లో తెలియదు.

మిద్దెతోట_మామ · ఆగస్టు 31, సాయంత్రం 4:45

ఏడు కాయలు మంచి ఆరంభం. ఇప్పుడు పేనుబంక వస్తుంది. లీటరు నీటికి ఐదు మిల్లీ వేపనూనె, కొంచెం సబ్బు ద్రావణం, సాయంత్రం పూట పిచికారీ.

కడుగోడి_అమ్మ · సెప్టెంబర్ 21, రాత్రి 9:20

కొత్త సమస్య. మావాడికి బెండ మీద మోజు తగ్గింది, కాయలు కోస్తున్నాడంతే. ఇప్పుడు కంపోస్ట్ డబ్బా మీద పడ్డాడు. తెల్లటి లావు పురుగులు కనబడ్డాయి, అవి నల్ల సోల్జర్ ఈగ పిల్లలట, కుట్టవట, చెత్తను భలే తింటాయట. రోజూ వంటింటి చెత్త తూచి వేస్తున్నాడు. కానీ డబ్బా దగ్గర వాసన భరించలేకున్నాం, అసోసియేషన్ నుంచి ఒక మెసేజ్ కూడా వచ్చింది.

కోడ్_కూలీ · సెప్టెంబర్ 21, రాత్రి 9:33

ఇందులో నేను నిజంగానే ఎక్స్‌పర్ట్‌ని, ఎందుకంటే మొక్కలు చచ్చాక మిగిలింది కంపోస్టే. తడి ఎక్కువైంది. ఒక పిడికెడు చెత్తకు రెండు పిడికెళ్ళు ఎండాకులు. రెండు రోజులకోసారి కలపాలి. మజ్జిగ, పులుసు మిగిలినవి వెయ్యకూడదు.

కడుగోడి_అమ్మ · సెప్టెంబర్ 27, ఉదయం 8:05

ఎండాకుల కోసం మావాడు కింద ఊడ్చే అక్కను అడిగాడు. ఆమె "ఊరికే ఎందుకిస్తాను? ఆరున్నరకు రా, ఇద్దరం ఊడుద్దాం, ఆకులు నీవి" అందట. నాలుగు రోజులు వెళ్ళాడు. చీపురు పట్టుకోవడం రాదని ఆమె నవ్విందట. నిన్న లేవలేదు. బడి నుంచి వచ్చేసరికి ఆకుల బస్తా మా గుమ్మం ముందు ఉంది. దాన్ని చూసి ఏమీ అనలేదు, పైకి మోసుకెళ్ళాడు. ఇవాళ ఆరుంబావుకే అలారం మోగింది. ఇంకా కిందే ఉన్నాడు.

కోడ్_కూలీ · సెప్టెంబర్ 27, ఉదయం 8:19

రాత్రి వాన పడింది కదండీ, ఆ ఆకులు తడిగా ఉంటే మళ్ళీ వాసనే. ఒకరోజు ఆరబెట్టి వెయ్యమనండి. కావాలంటే మా స్టాండు ఇస్తాను, బాగా ఆరుతాయి.